మూడు గీతల జాగా

మా ఫారంలో నేరానికి ఒకటిన్నర పేజీ.
బాల్యానికి మూడు గీతలు.
కెమి ఊళ్లో పదిహేడేళ్లుగా ఇదే నా ఉద్యోగం,
తీర్పుకు ముందు మనిషిని మడత పెట్టి
ఆ గీతల మీద పట్టేట్టు రాయడం.

ఎన్సియో. ముప్పై నాలుగేళ్లు.
జనవరి రాత్రి ఒక ముసలామె ఇంటి వెనక తలుపు తీశాడు.
తాళం పగల్లేదు, చెక్క చిట్లలేదు,
పొయ్యి దగ్గర పడుకున్న కుక్క చెవి కదపలేదు.
"ఇంత చప్పుడు లేకుండా నడవడం ఎక్కడ నేర్చుకున్నావ్?"
పోలీసులు అడిగిందే నేనూ అడిగాను.
"ఇంట్లోనే" అన్నాడు.

గోడకు వీపు ఆనించి కూర్చుని, తలుపు మీంచి చూపు తీయకుండా,
మంచు గురించి చెప్పాడు.
ఇరవై డిగ్రీల చలిలో మంచు
ఎండు రొట్టె విరిచినట్టు కరకరమంటుందట.
చలి తగ్గితే నానిన గుడ్డలా మూగబోతుందట,
ఆ రాత్రులు మరీ కష్టమట.
కాగితం మిల్లులో షిఫ్టు దిగి వచ్చే నాన్నకు
గేటు నుంచి గడప దాకా ఇరవై రెండు అడుగులు.
సమంగా పడితే సూపు తాగి పడుకోవచ్చు.
ఏడో అడుగు దగ్గర ఆగి మళ్లీ మొదలైతే
బెల్టు.
అసలు ఆగకుండా గబగబా పడితే...
అక్కడ చెప్పడం ఆపేశాడు.
నేను పెన్ను మూత పెట్టాను.

బడిలో ఆరేళ్లు, అక్షరాలు రాలేదు.
చెవులకు వచ్చిన చదువే తర్వాత కూడు పెట్టింది.

హిల్యాకు డెబ్బై తొమ్మిది.
ఆ రాత్రి మెలకువ వచ్చి
కళ్లజోడు కోసం అలమారు మీదికి చెయ్యెత్తింది.
అంతే.
ఎత్తిన చెయ్యి ఒక్కటే అతనికి కనపడింది.
ఆ చేతికి కావలసింది కళ్లజోడని
అతని ఒంట్లో ఏ ఎముకా నమ్మలేదు.
ముప్పై నాలుగేళ్ల బలంతో
ఆరేళ్ల పిల్లాడు తోశాడు.
తుంటి విరిగింది.

"పాపం అనకండి" అంది హిల్యా ఆసుపత్రి మంచం మీంచి,
నేనింకా నోరు తెరవకముందే.
"నాకు నిద్ర పోయింది.
పేపరు కుర్రాడి అడుగు వేరు, పోస్టుమాన్ అడుగు వేరు,
పక్కింటాయన కుంటికాలు వేరు.
ఈ వయసులో కూర్చుని ఇవన్నీ నేర్చుకున్నాను."
రాసుకుంటున్న నా చెయ్యి ఆగింది.
అతని విద్య ఆమెకు అంటుకుంది.
ఆ మాట ఆమెతో అనలేకపోయాను.

కోర్టులో ప్రాసిక్యూటరు న్యాయమైన ప్రశ్నే వేసింది.
అదే ఇల్లు, అదే తండ్రి.
తమ్ముడు రైనో నాలుగో నంబరు బస్సు నడుపుతున్నాడు,
ఇన్నేళ్లలో ఎవరి మీదా చెయ్యి చేసుకోలేదు.
మరి?
నా రిపోర్టు తిరగేశాను. మూడు గీతలే.

ఆ సాయంత్రం పనిగట్టుకుని నాలుగో నంబరు ఎక్కాను.
చివరి స్టాపులో ఇంజను ఆపి
రైనో చాలాసేపు అద్దం తుడిచాడు. అద్దం శుభ్రంగానే ఉంది.
"మా ఇద్దరిదీ ఒకటే మంచం.
నాన్న గేటు తీశాడంటే అన్నయ్య
నా చెవులు మూసేవాడు, రెండు చేతులతో, నొప్పెట్టేట్టు.
వాడి అరచేతుల్లో సముద్రం హోరు.
నాకు చిన్నతనమంటే ఆ హోరే.
నాన్న అడుగుల చప్పుడెలా ఉంటుందో
ఇప్పటికీ నాకు తెలీదు."
గుడ్డ మడతపెట్టి సీటు కింద దాచాడు.
"వాడి చెవులు మూయడానికి
నా చేతులు మరీ చిన్నవి."

రెండేళ్ల నాలుగు నెలలు వేశారు.
హిల్యాకు తక్కువనిపించింది. ఆమెను తప్పు పట్టను.
ఫైలు కట్టేసే ముందు
మూడో గీత కింద, ఖాళీ అంచులో,
'తమ్ముడి చెవులు మూశాడు' అని రాశాను.
కొత్తగా చేరిన గుమాస్తా పిల్ల
కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చింది.
"ఇది ఏ గడిలో వేయమంటారు?"